ఏలీయాకి వేసిన కుర్చీ



ఈ వేళ మీకు ఒక అతిథి కథ చెబుతాను. ఆయన పేరు ఏలీయా. యూదులు తమ హెబ్రీ భాషలో ఎలియాహు అంటారు. మనలో క్రైస్తవ సోదరీమణులకు ఈ పేరు బైబిలు పాత నిబంధనలో చదివినదే. ముస్లిం సోదరీమణులకు ఇలియాస్ అంటే తెలుస్తుంది. ఖురానులో ఆయన ప్రస్తావన ఉంది. అయితే ఒక ప్రవక్త కోసం ఇంట్లో కుర్చీ వేసి, గిన్నె నింపి, వీధి తలుపు తీసి మరీ ఎదురుచూసే వాళ్ళు యూదులు. ఈ ఎదురుచూపు ఒక ఏడాదిదా, రెండేళ్ళదా? వందల ఏళ్ళది. ఇంతవరకూ ఆయన వచ్చి అందరి కళ్ళముందూ ఆ కుర్చీలో కూర్చున్నదీ లేదు, వీళ్ళు కుర్చీ వేయడం మానిందీ లేదు.

ఇందులో వింత ఏమిటంటే, గ్రంథంలో కనిపించే ఏలీయా చనువుగా ఇంటికి పిలుచుకోదగ్గ మనిషి కాడు. మహా కోపిష్టి. మన దుర్వాస మహర్షి ఇంటికి వస్తున్నాడంటే గుండెలు ఎలా దడదడలాడతాయో, ఈయన వస్తున్నాడంటే రాజులకే అలా ఉండేది. అటువంటి నిప్పులాంటి మనిషి పసిపిల్లల పండుగ చుట్టం ఎలా అయ్యాడన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి.

ముందు ఆయన కాలం చూద్దాం. క్రీస్తుకు పూర్వం 9వ శతాబ్దం. సొలొమోను తరవాత యూదుల రాజ్యం రెండుగా చీలిపోయింది. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యాన్ని అహాబు అనే రాజు ఏలుతున్నాడు. ఈ అహాబు కేవలం పురాణ పురుషుడు కాదు. క్రీ.పూ. 853లో అస్సీరియా చక్రవర్తిని ఎదిరించిన రాజుల జాబితాలో ఇతని పేరు రెండు వేల రథాలు, పదివేల మంది సైనికులతో సహా చెక్కిన శిల ఒకటి 1861లో టర్కీ దేశంలో దొరికింది; ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అతని భార్య యెజెబెలు. సీదోను రాజు కూతురు. పుట్టింటి నుంచి సారె తెచ్చుకున్నట్టు ఆవిడ తన పుట్టింటి దేవుడు బయలును కూడా తెచ్చుకుంది. బయలు వానలిచ్చే దేవుడు. మెట్ట సేద్యం చేసుకునే దేశంలో వానదేవుడికి కొలుపులు రావడంలో ఆశ్చర్యం లేదు. ఊరూరా అతని పూజలు మొదలయ్యాయి. ఎదురు చెప్పిన ప్రవక్తలను రాణి చంపించింది.

అప్పుడు గిలాదు ప్రాంతం నుంచి, ముందూ వెనకా ఏ పరిచయమూ లేకుండా, ఏలీయా వచ్చి రాజు ముందు నిలబడ్డాడు. తను చెప్పేదాకా ఈ దేశంలో మంచైనా, వానైనా కురవదని చెప్పి వెళ్ళిపోయాడు. వానదేవుణ్ణి నమ్ముకున్న రాజుకి వాన లేకుండా చేయడం! ఆ శాపంలో ఎంత ఎత్తిపొడుపు ఉందో చూశారా?

కరువు వచ్చింది. ఏలీయా ఒక వాగు పక్కన దాక్కుంటే కాకులు రొట్టె, మాంసం తెచ్చి పెట్టాయట. ఆ వాగూ ఎండిపోయింది. అప్పుడు సారెపతు అనే ఊరికి వెళ్ళాడు. అది యెజెబెలు పుట్టింటి సీమే. ఊరి గవిని దగ్గర ఒక విధవరాలు పుల్లలు ఏరుకుంటోంది. నీళ్ళడిగాడు. ఇవ్వబోతుంటే, ఒక రొట్టె ముక్క కూడా తెమ్మన్నాడు. ఆవిడ ఇంట్లో ఉన్నది తొట్టి అడుగున పిడికెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె. దానితో ఆఖరి రొట్టె కాల్చి, తనూ కొడుకూ తిని, ఆ పైన చావుకోసం ఎదురుచూడాలని అనుకుంటోంది. అయినా ముందు అతిథికే రొట్టె కాల్చి పెట్టింది. కరువు తీరేదాకా ఆ తొట్టిలో పిండి తరగలేదు, బుడ్డిలో నూనె ఇంకలేదు. నెలాఖరున డబ్బా అడుగు గీకి చూసుకున్న అనుభవం ఉన్నవాళ్ళం కనుక ఆ తొట్టి విలువ మనకి వేరే చెప్పక్కర్లేదు. మన అక్షయపాత్ర కథలో ద్రౌపదీదేవి దగ్గర ఒక మెతుకే మిగిలింది. ఈవిడ దగ్గర పిడికెడు పిండి. ఈవిడ పరదేశి, పరమతస్థురాలు, పేరైనా గ్రంథంలో లేదు. ఏలీయా ఆకలి తీర్చిన మొదటి ఇల్లు మాత్రం ఈవిడదే.

తరవాతి కథ కర్మెలు కొండ మీద. ఒకవైపు బయలు ప్రవక్తలు 450 మంది, ఇంకొకవైపు ఏలీయా ఒక్కడు. ఎవరి ప్రార్థనకి ఆకాశం నుంచి నిప్పు దిగుతుందో ఆ దేవుడే దేవుడని పందెం. వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంతులేసి, ఒళ్ళు కోసుకుని పిలిచినా జవాబు లేదు. ఏలీయా ప్రార్థించగానే నిప్పు దిగింది. జనమంతా సాష్టాంగపడ్డారు. కరువు తీరి వాన కురిసింది. కాని ఆ మధ్యలో ఇంకొకటి జరిగింది. ఓడిపోయిన ఆ 450 మందినీ కీషోను వాగు దగ్గరికి తీసుకుపోయి చంపించాడు. ఇది చదివితే నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. నాకే కాదు, యూద పండితులకు కూడా ఈయన ఆవేశం మీద పూర్తి సమాధానం ఉన్నట్టు కనబడదు. ఎందుకంటే తరవాతి ఘట్టాన్ని వాళ్ళు చదువుకున్న తీరు అలా ఉంది.

యెజెబెలు తలతీస్తానని కబురు పెట్టింది. అంత విజయం సాధించినవాడు ప్రాణభయంతో ఎడారికి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూలబడి ఇక చావే మేలనుకున్నాడు. దేవదూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఆ బలంతో నలభై రోజులు నడిచి హోరేబు కొండ గుహలో చేరాడు. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగాడు. ఏలీయా తన ప్రజల మీద ఫిర్యాదు చేశాడు. వీళ్ళు నీతో చేసుకున్న నిబంధన వదిలేశారు, నీ ప్రవక్తలను చంపారు, నీ పక్షాన మిగిలింది నేనొక్కణ్ణే అన్న అర్థంలో. అప్పుడు కొండలు పగిలేంత గాలి వీచింది. దేవుడు అందులో లేడు. భూకంపం వచ్చింది, అందులోనూ లేడు. నిప్పు లేచింది; నిప్పులోనూ లేడు. ఆ తరవాత చెవికి ఆనీ ఆనకుండా, ఒక మెత్తని నిశ్శబ్దం లాంటి సవ్వడి. అందులో దేవుడు మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఏలీయా మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా అదే ఫిర్యాదు చేశాడు. మెత్తని సవ్వడి విన్నాక కూడా మనిషి మెత్తబడలేదన్న మాట! అక్కడే దేవుడు ఆయన పనికి వారసుణ్ణి నియమించమని చెప్పాడు. ఆ వారసుడు ఎలీషా.

కడపటి కథ అందరికీ తెలిసిందే. యొర్దాను నది దాటి గురుశిష్యులిద్దరూ నడుస్తుంటే అగ్ని రథం, అగ్ని గుర్రాలు వచ్చాయి. సుడిగాలిలో ఏలీయా పైకి వెళ్ళిపోయాడు. కింద పడిన ఆయన పైవస్త్రాన్ని ఎలీషా తీసుకున్నాడు. చనిపోయాడని గ్రంథంలో ఎక్కడా లేదు. మనకి ఆంజనేయస్వామి చిరంజీవి అయినట్టు వాళ్ళకి ఏలీయా. చనిపోని మనిషి ఎక్కడో ఉండాలి, ఎప్పుడో రావాలి కదా! నాలుగైదు వందల ఏళ్ళ తరవాత మలాకీ అనే ప్రవక్త ఆ మాటే చెప్పాడు. దేవుడి మహా భయంకరమైన దినం రాకముందు ఏలీయా వస్తాడట. వచ్చి చేసే పని ఏమిటో తెలుసా? తండ్రుల మనసులు పిల్లల వైపు, పిల్లల మనసులు తండ్రుల వైపు తిప్పుతాడట. హెబ్రీ బైబిల్లో ప్రవక్తల భాగం ఈ మాటలతోనే ముగుస్తుంది. ఆఖరి వాక్యం చివర శాపం మాట ఉంది. సినగాగులో, అంటే వాళ్ళ ప్రార్థనామందిరంలో, పస్కా పండుగ ముందరి శనివారం ఈ భాగం చదివేటప్పుడు ఆ శాపంతో ఆపరు. వెనక్కి వెళ్ళి ఏలీయా వస్తాడన్న వాక్యం ఇంకోసారి చదివి అప్పుడు ముగిస్తారు. పిల్లలు వినే చోట అశుభంతో లేవకూడదని మన పెద్దవాళ్ళు అనరూ? అలాగే.

ఇప్పుడు కుర్చీ సంగతికి వద్దాం. యూదుల ఇంట్లో మగపిల్లవాడు పుడితే ఎనిమిదో రోజున సున్తీ చేస్తారు. అబ్రాహాము నాటి నుంచి దేవుడితో వాళ్ళకున్న నిబంధనకి అదే గుర్తు. ఆ వేడుకలో ఒక కుర్చీ ప్రత్యేకంగా అలంకరించి ఉంచుతారు. దాని పేరే ఏలీయా కుర్చీ. బిడ్డను కాసేపు అందులో పడుకోబెట్టి, ఆ తరవాత ఒడిలో పట్టుకునే పెద్దమనిషికి అందిస్తారు. మన ఇళ్ళలో రామాయణ పారాయణ జరిగితే ఆంజనేయస్వామికి ఒక పీట వేసి ఉంచుతాం కదూ, ఆ కుర్చీని అలా ఊహించుకోండి. కాని ఒక తేడా ఉంది. మన స్వామి రామకథ వినే ఆనందం కోసం వస్తాడు. ఏలీయా ఎందుకు వస్తాడో క్రీ.శ. 8వ శతాబ్దం ప్రాంతంలో కూర్చిన ఒక యూద గ్రంథంలో చెప్పారు. హోరేబు కొండ మీద ఆయన చేసిన ఫిర్యాదుకి దేవుడి జవాబట అది. నా ప్రజలు నిబంధన వదిలేశారని అన్నావు కనుక, ఇక మీదట ఏ ఇంట్లో సున్తీ జరిగినా నువ్వు వెళ్ళి నీ కళ్ళతో చూడాల్సిందే అని.

ఇది గౌరవమా, శిక్షా? రెండూ అనిపిస్తుంది నాకు. నింద వేసినవాణ్ణే సాక్షిని చేశారు! కోడలికి ఏమీ రాదని ఊరంతా చెప్పిన అత్తగారిని ప్రతి పండక్కీ ఆ కోడలి వంటే తిని చెప్పమన్నట్టుంది.

అయితే ఆ సాక్ష్యం ఎంత ఖరీదైనదో కూడా చెప్పాలి. క్రీ.పూ. 167లో గ్రీకు రాజు అంతియోకస్ ఎపిఫనీస్ యూదుల మతాచారాలను నిషేధించాడు. బిడ్డలకు సున్తీ చేయించిన తల్లులను చంపించి, ఆ పసికందులను వాళ్ళ మెడలకే వేలాడదీశారని మక్కబీయుల చరిత్ర గ్రంథంలో రాసి ఉంది. ఏలీయా ఫిర్యాదు చేసినప్పుడు ఆయన కంటికి రాజులు, ప్రవక్తలు, సైన్యాలు కనిపించాయి. ఈ తల్లులు ఆయన లెక్కలో లేరు. నిబంధన నిలబెట్టింది వీళ్ళు. ఆ కుర్చీ వేసినప్పుడల్లా ఆయన చూడవలసింది ఇదే కాబోలు.

ఇలా ఇల్లిల్లూ తిరిగి తిరిగి ఆయన స్వభావమే మారిపోయింది. యూదుల ధర్మశాస్త్ర చర్చలన్నీ కూర్చిన తాల్ముదు అనే మహాగ్రంథంలో ఏలీయా మారువేషాల్లో భూమ్మీద తిరుగుతుంటాడు. ఒక కథ చెబుతాను. బెరోకా అనే పండితుడు సంతలో ఏలీయాని కలిసి, ఈ సంతలో పరలోకభాగ్యం ఉన్నవాళ్ళెవరని అడిగాడు. ఏలీయా ఇద్దరిని చూపించాడు. ఎవరూ, మహాపండితులా? కాదు. ఎవరైనా దిగులుగా ఉంటే హాస్యాలాడి నవ్వించేవాళ్ళు, ఇద్దరు పోట్లాడుకుంటుంటే కష్టపడి రాజీ కుదిర్చేవాళ్ళు. కర్మెలు కొండ మీద కత్తి దూయించిన మనిషేనా ఈ మాట చెబుతున్నాడు!

అదే తాల్ముదులో ఇంకొక మాట ఉంది, మనం చెవిపెట్టి వినవలసినది. ఏలీయా సబ్బాతు ముందురోజుకాని, పండుగ ముందురోజుకాని రాడట. ఎందుకంటే ఆ రోజు జనం పనుల్లో మునిగి ఉంటారు, వాళ్ళకి శ్రమ కలిగించకూడదని. సబ్బాతు అంటే శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళ విశ్రాంతి దినం. ఆ వేళల్లో పొయ్యి వెలిగించరు. వంటంతా శుక్రవారం సాయంత్రానికే ముగించాలి. అంటే శుక్రవారం ఇల్లాళ్ళకి ఊపిరాడదు. మన ఇళ్ళకి వచ్చే అతిథులు సరిగ్గా పిండివంట మూకుడు పొయ్యిమీద ఉన్నప్పుడే దిగుతారు! ఈ ప్రవక్తకి ఆ మాత్రం ఇంగితం ఉందన్న మాట.

శుక్రవారం రాడు, శనివారం రాడు, కనుక శనివారం రాత్రి నుంచి మళ్ళీ ఆశ మొదలవుతుంది. చుక్కలు పొడిచాక సబ్బాతుకి వీడ్కోలు చెప్పే చిన్న పూజ ఒకటి ఉంది. ద్రాక్షారసం, జడలా అల్లిన మైనపువత్తి, లవంగం దాల్చినచెక్క వంటి సుగంధద్రవ్యాలు. వాటి వాసన చూసి, దీపం ద్రాక్షారసంలో ఆర్పేసి, ఏలీయా పేరుమీద పాట పాడతారు. త్వరగా రమ్మని, మెస్సయ్యాను, అంటే వాళ్ళు ఎదురుచూసే రక్షకుణ్ణి, వెంటబెట్టుకు రమ్మని దాని భావం. వారమంతా పడిన కష్టం తరవాత మళ్ళీ కష్టంలోకి దిగే ముందు పాడుకునే పాట కనుక దాని వరసలో కాస్త దిగులు ఉంటుంది.

ఇక పస్కా. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదల అయిన రోజుల జ్ఞాపకం. మన చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా వస్తుంది. పండుగకి వారం పది రోజుల ముందు నుంచి ఇల్లంతా బూజులు దులిపి, సందుగొందులన్నీ వెదికి, పులిసిన పిండి వస్తువు రవ్వంతైనా లేకుండా చేస్తారు. పులియని రొట్టెలే తినాలి. మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి విడుదల కథ చెప్పుకుంటారు. చిన్న పిల్లవాడు ప్రశ్నలు అడగాలి, పెద్దలు జవాబులు చెప్పాలి. నాలుగుసార్లు ద్రాక్షారసం తాగాలి. గ్రంథంలో దేవుడు చేసిన వాగ్దానాలు నాలుగని కొందరు, ఐదని కొందరు. అందుకని ఐదో గిన్నె ఉండాలా వద్దా అన్న వాదం పూర్వమే వచ్చింది. ఎటూ తేలని చర్చలను ఏలీయా వచ్చి తేలుస్తాడని వాళ్ళకో నమ్మకం. సరే, ఐదో గిన్నె పోసి ఉంచుదాం, తాగం, ఆయన వచ్చి చెప్పేదాకా అది ఆయనదే అన్నట్టుగా అది ఏలీయా గిన్నె అయింది. వాదం తేలకపోతే కొట్టుకోనక్కరలేదు, గిన్నె నింపి పక్కన పెట్టవచ్చు. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది.

భోజనాలయ్యాక ఎవరో ఒకరు, సాధారణంగా పిల్లలు, వెళ్ళి వీధి తలుపు తీస్తారు. అందరూ లేచి నిలబడతారు. చల్లగాలి లోపలికి వస్తుంది. పిల్లల చూపంతా గిన్నె మీదే. రసం కాస్త తగ్గిందేమోనని. బల్ల కదిలిందంటే తగ్గినట్టే కనిపిస్తుంది మరి!

చదువరులారా, ఈ తలుపు తీయడం వినడానికి సరదాగా ఉంది. ఐరోపాలో అది సరదా వ్యవహారం కాదు. 1144లో ఇంగ్లండులో నార్విచ్ అనే ఊళ్ళో ఒక కుర్రవాడు చనిపోతే, యూదులే చంపారని పుకారు పుట్టింది. క్రమంగా అది పెరిగి, పస్కా రొట్టెల్లో కలపడానికి యూదులు క్రైస్తవ శిశువుల రక్తం తీస్తారన్న ఘోరమైన అబద్ధం అయింది. నిజానికి యూదుల ధర్మంలో రక్తం నిషిద్ధం. మాంసాన్ని సైతం ఉప్పు పట్టించి, రక్తమంతా కార్చి, కడిగి మరీ వండుతారు వాళ్ళ ఆడవాళ్ళు. పోపు నాలుగవ ఇన్నోసెంటు 1247లోనే ఈ నిందను ఖండించాడు. అయినా ఆగలేదు. 17వ శతాబ్దంలో పోలెండులో ఒక పెద్ద రబ్బీ, అంటే ధర్మపండితుడు, పండుగ రాత్రి ఎర్ర ద్రాక్షారసం మంచిదే అయినా ఈ నిందల భయం వల్ల మానుకుంటున్నామని రాయవలసి వచ్చింది. గిన్నెలో ఎరుపు కనబడితే చాలు, ప్రాణాల మీదికి వచ్చేది. మాకు దాచుకోవలసింది ఏమీ లేదు, వచ్చి చూసుకోండి అని ఇరుగుపొరుగులకు చూపించడానికే తలుపు తీసేవారని కూడా కొందరు చెబుతారు.

1903 ఏప్రిల్‌లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ నగరంలో ఇలాంటి పుకారుతోనే ఈస్టరు రోజుల్లో మూకలు యూదుల ఇళ్ళమీద పడి 49 మందిని చంపాయి. 1911లో కీవ్ నగరంలో మెండెల్ బేలిస్ అనే ఇటుకల ఫ్యాక్టరీ ఉద్యోగిని ఇదే నింద మీద జైల్లో పెట్టారు. రెండేళ్ళు జైల్లో మగ్గాక 1913లో జ్యూరీ నిర్దోషి అని వదిలిపెట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో, న్యాయస్థానంలో! 1943 ఏప్రిల్ 19న జర్మను సైన్యం వార్సా నగరపు యూదుల పేటలో మిగిలినవాళ్ళను తరలించడానికి వచ్చింది. ఆ రాత్రే పస్కా. ఆ పేటలోని యువతీయువకులు దొరికిన పిస్తోళ్ళతో, ఇంట్లో తయారుచేసిన బాంబులతో నెల్లాళ్ళదాకా ఎదిరించారు. ఏలీయా వస్తాడని తలుపు తీయవలసిన రాత్రి తలుపు అవతల ఎవరున్నారో ఒక్కసారి ఊహించుకోండి. అయినా మరుసటి ఏడాది బతికి ఉన్నవాళ్ళు ఎక్కడుంటే అక్కడ మళ్ళీ తలుపు తీశారు.

ఈమధ్య ఈ పండుగలో ఆడవాళ్ళు ఒక కొత్త సంగతి తెచ్చారు. 1980లలో అమెరికాలో బోస్టన్ నగరపు యూద స్త్రీలు కొందరు ఏలీయా గిన్నె పక్కన ఇంకొక గిన్నె పెట్టడం మొదలుపెట్టారు. అది మోషే అక్క మిర్యాము పేరుమీద. అందులో ద్రాక్షారసం కాదు, మంచినీళ్ళు. ఎడారిలో నడిచినంతకాలం మిర్యాము పుణ్యాన ఒక బావి వాళ్ళ వెంట వచ్చిందని కథ. ఏలీయా ఎప్పుడో రాబోయేవాడు. మిర్యాము నడిచే దారిలో రోజూ నీళ్ళిచ్చింది. అందరూ ఒప్పుకోలేదు, కాని చాలా ఇళ్ళలో ఇప్పుడు రెండు గిన్నెలూ కనబడుతున్నాయి.

ఇంతదాకా దూరదేశాల మాట. ఏలీయాని అందరికంటే ఎక్కువగా తలుచుకునే యూదులు మన దేశంలోనే ఉన్నారంటే నమ్ముతారా? తెలుగు గడ్డమీద కూడా, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, యూదులమని చెప్పుకుని పస్కా జరుపుకునే కొన్ని కుటుంబాలు ఉన్నాయి. కాని నేను చెప్పేది మహారాష్ట్రలో కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీల గురించి. ఎన్నడో ఓడ పగిలి, ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు అలీబాగు దగ్గర నవ్‌గావ్ ఒడ్డుకి కొట్టుకువచ్చారని వాళ్ళ కథ. పుస్తకాలన్నీ సముద్రంలో పోయాయి. గానుగలాడించి నూనె తీసి బతికారు. శనివారం గానుగ కట్టరు కనుక ఊళ్ళోవాళ్ళు వాళ్ళను శనివారపు తేలీలని పిలిచేవారు. తేలీ అంటే గానుగవాడు. మరాఠీ మాట్లాడారు, చీరలు కట్టారు. తరవాత ఎప్పుడో రహాబీ అనే యూదుడొకడు వచ్చి, వీళ్ళు యూదులా కాదా అని తేల్చుకోవడానికి ఆడవాళ్ళకి రకరకాల చేపలిచ్చి వండమన్నాడట. వాళ్ళు పొలుసులు లేని చేపలన్నీ ఏరి పక్కన పెట్టేశారు. యూదుల ధర్మంలో అవి నిషిద్ధం. పుస్తకాలు పోయినా శాస్త్రం వంటింట్లో మిగిలింది!

ఈ జనానికి ఏలీయా ఇష్టదైవమంత. ఎలియాహు హన్నాబీ అంటారు. అగ్నిరథం మీద ఆయన పటం వాళ్ళ ఇళ్ళ గోడలకి ఉంటుంది. ఆయన తమ కొంకణానికి వచ్చాడని నమ్ముతారు. అలీబాగు దగ్గర ఖండాలా అనే పల్లె ఉంది. మనకి తెలిసిన కొండమీది ఖండాలా కాదు సుమా. అక్కడ ఒక బండమీద గీతలు, గుంటలు ఉన్నాయి. ఆయన రథచక్రాల, గుర్రపు డెక్కల జాడలట అవి.

ఆ నమ్మకం వెనక ఒక గుచ్చుకునే సంగతి ఉంది. 1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడ్డాక వీళ్ళలో చాలామంది అక్కడికి వెళ్ళారు. వెళ్ళినచోట కొందరు రబ్బీలు వీళ్ళ వంశశుద్ధిని శంకించి, ఇతర యూదులతో పెళ్ళిళ్ళకి అడ్డుపెట్టారు. వీళ్ళు పిల్లాపాపలతో ధర్నాలు చేశారు. చివరికి 1964లో ఇజ్రాయెల్ పార్లమెంటు వీళ్ళు అన్నివిధాలా యూదులేనని, సమాన హక్కులున్నవాళ్ళేనని తీర్మానించింది. విచిత్రం చూడండి, ఏలీయా వచ్చి ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అని తేలుస్తాడా అన్న చర్చ వాళ్ళ ప్రాచీన ధర్మశాస్త్రంలోనే ఉంది. అక్కడ పండితులు చెప్పిన జవాబు ఏమిటంటే, ఎవరినీ దూరం చేయడానికీ కాదు, దగ్గర చేయడానికీ కాదు, లోకంలో శాంతి నెలకొల్పడానికే వస్తాడని. ఆ రబ్బీలు చదివిన పుస్తకమే అది.

ఏలీయాకి వీళ్ళు పెట్టే నైవేద్యం పేరు మలీదా. బతుకమ్మకి మలీద ముద్దలు చేసే తెలంగాణ అక్కచెల్లెళ్ళు ఈ పేరు వినగానే నవ్వుకుంటారు. మనది రొట్టెలు నలిపి బెల్లం కలిపి కట్టే ముద్ద, వాళ్ళది అటుకులతో. అటుకులు తడిపి, కొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి, జీడిపప్పు, కిస్‌మిస్ కలుపుతారు. పళ్ళెంలో పోసి చుట్టూ రకరకాల పళ్ళు పెడతారు. పెళ్ళి కుదిరినా, కొత్తింట్లో పాలు పొంగినా, రోగం నయమైనా, మొక్కు తీరినా మలీదా చేయవలసిందే. మాఘమాసపు రోజుల్లో చెట్ల పండుగ అని ఒకటి వస్తుంది వాళ్ళకి. ఏలీయా తమ ఖండాలా నుంచే ఆకాశానికి లేచాడని, అది ఆ రోజేనని నమ్మి బండ దగ్గరికి వెళ్ళి మొక్కుకుంటారు. ముంబాయి, ఠాణా చుట్టుపక్కల ఇప్పుడు మిగిలింది కొద్ది వేలమందే. వలసపోయినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ ఇజ్రాయెల్ నుంచి వచ్చి ఆ బండను చూసి వెళుతుంటారు. అక్కడి బెనె ఇశ్రాయేలీల ఇళ్ళలో కూడా ఈ వంటకం పోలేదు. అటుకులు నానబెట్టి, కొబ్బరి కోరి, పళ్ళెం మధ్యలో పెట్టి, ఏలీయా పేరు పాడి, అందరి అరచేతుల్లోనూ తలా పిడికెడు పెడతారు.